వలందుల సమాధికి సున్నం

బందరు,
సెప్టెంబరు నెల, ఆదివారం సాయంత్రం

చిన్నమ్మకు,

నమస్కారం. చిన్నాయనకు కూడా చెప్పు. ఫోను చేస్తే నీకు వినపడదు. చిన్నాయన ఎత్తితే "అంత మంచిగనే ఉన్నం" అని పెట్టేస్తాడు. జిన్నింగు మిల్లు మోత నీ చెవులను తినేసింది గానీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా, అందుకని కాగితం మీద పడ్డాను. నా రాత కోడి గీకినట్టుందని తిట్టకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ కొత్త రేవు కడుతున్నారు. మేస్త్రీ మల్లేశ్ మన పాలమూరు వాళ్ళను చాలామందిని తెచ్చాడు. నాయన, మీ అల్లుడు గోపి, నేను ఒకే షెడ్డులో ఉంటున్నాం. పని సంగతి కొత్తగా చెప్పేదేముంది, ఎక్కడికి పోయినా మనకు పార, తట్ట, సిమెంటు. ఈరోజు సెలవు. ఈరోజు నేను చూసింది మాత్రం నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

మా షెడ్ల వెనకాలే పాత పేట ఉంది. వలందపాలెం అంటారు. వలందులంటే హాలండు దొరలట. ఇంగ్లీషు వాళ్ళకన్నా ముందే ఓడల మీద వచ్చి ఇక్కడ అద్దకం బట్టల బేరం చేశారట. ఇప్పుడు వాళ్ళ గోదాముల్లో సర్కారు తుమ్మ మొలిచింది. పైకప్పుల్లేవు. కిటికీల్లోంచి మేకలు తొంగి చూస్తున్నాయి. కానీ చిన్నమ్మా, ఆ గోడలు! ఎడ్లబండి నిలబెట్టొచ్చు, అంత వెడల్పు. ఇటుకలేమో బిస్కెట్లంత పలచన. నాయన ఒక గోడ దగ్గరికి పోయి గచ్చు మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. "బిడ్డా, కోడిగుడ్డు మీద చెయ్యి వెట్టినట్టున్నది. గీళ్ళు సున్నం ఎట్ల నూరిన్రో ఏమో" అన్నాడు. ముప్పై ఊళ్ళలో గోడలు కట్టిన మనిషి, గోడను చూసి నోరు తెరవడం నేను ఎన్నడూ చూడలేదు.

అక్కడ టీ హోటలు పెట్టుకున్న రేణుకమ్మ గారు చెప్పారు. "ఉప్పెనొచ్చినప్పుడు ఊరూరంతా తుడిచిపెట్టుకుపోయిందమ్మాయ్. మా ముత్తాతల్లో సగంమంది సముద్రంలోకి పోయారు. ఈ గోడలు మాత్రం కదల్లేదు." ఆ మాట ఆమె టీ వడగడుతూ మామూలుగా చెప్పింది.

అన్నిటికన్నా చివర వలందుల సమాధుల దొడ్డి ఉంది. కావలి హరీష్ గేటు తీసి చూడనిచ్చాడు. మన గుమ్మాలంత పొడుగు రాతి పలకలు, వాటి మీద ఏవో అక్షరాలు, పువ్వులు, డాళ్ళు, అన్నీ నాచు పట్టి నల్లబడిపోయాయి. గోపి సంగతి తెలుసు కదా, "సచ్చినంక గూడ పక్కా ఇల్లే గీళ్ళకు" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. సముద్రం దాటి ఇంత దూరం వచ్చి, ఇక్కడ మట్టిలో కలిసి, ఇన్ని వందల ఏళ్ళు ఎవరి కోసం చూస్తున్నారు అనిపించింది. ఒక్కదాని మీదైనా ఒక్క పువ్వు లేదు.

అప్పుడే అమ్మ గుర్తొచ్చింది. దాచడం ఎందుకు, ఈ ఉత్తరం అసలు అందుకే రాస్తున్నాను. నవంబరులో సమాధుల పండుగ. అమ్మ పోయాక వచ్చే మొదటి పండుగ. మాలో మొదటి ఏడు సొంత మనిషి చేత్తోనే సున్నం వేయాలి. చర్చి సంఘం పెద్ద మాసయ్య తాత వేస్తానన్నాడు గానీ అది లెక్కలోకి రాదు. మల్లేశ్ క్రిస్మసుకు తప్ప ఎవ్వరినీ కదలనీయడు. అమ్మకు మేము కాకుండా సొంత మనిషివి నువ్వొక్కదానివే. ఆత్మకూరు నుంచి లింగాలకు, అమ్మ సమాధి దగ్గరికి, ఒక్కసారి పోయి రాగలవా చిన్నమ్మా?

నీ
రెబెకా

*

ఆత్మకూరు,
దసరా ముందు

రెబెకాకు,

నీ ఉత్తరం అందింది. కోడి గీకినట్టు కాదు, కోడి పరిగెత్తినట్టుంది. రెండుసార్లు చదివాను. మీ చిన్నాయనకు కూడా చదివి వినిపించాను. "బిస్కెట్లంత ఇటుకలా" అని అడిగి, టీలో బిస్కెట్టు ముంచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. సగం విరిగి గ్లాసులో పడింది. అదీ మీ వలందుల మహిమ.

నాకు సముద్రం చూడాలని చిన్నప్పటి నుంచీ ఉంది. మీ అమ్మ, నేను జూరాల కట్ట మీద నిలబడి ఇదే సముద్రమని చాలా రోజులు అనుకున్నాం. సముద్రం గురించి ఎంత రాసినా చదువుతాను.

కానీ లింగాల మాట ఎత్తకు.

మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. మీ అమ్మ ముత్తైదువగా పోయింది. మొగుడు బతికుండగా పోయిన ఆడమనిషికి పసుపు రాసి, ఎర్రగా బొట్టు పెట్టి పంపడం మాలో ఎంత పెద్ద సంగతో నీకు నేను చెప్పాలా? పసుపు కుంకుమల పొట్లం కొంగులో కట్టుకుని మూడు బస్సులు మారి వచ్చాను. మీ సంఘం పెద్దలు అడ్డం నిలబడ్డారు. "మా సంఘంల గవి లేవమ్మా" అన్నాడు ఆ మాసయ్య. మీ నాయన తల దించుకున్నాడు. అక్క నుదురు బోడిగానే పోయింది. ఆ పొట్లం నేను తిరిగి తెచ్చుకున్నాను. ఆడదానికి అంతకన్నా అవమానం ఇంకేముంది?

అక్క గుడి మార్చినందుకు నాకు కోపం లేదు. పెళ్ళి చేసుకున్న ఇంటి దేవుడిని మొక్కింది, మంచిదే. కానీ మీకు బొట్టు వద్దన్నప్పుడు, మీ సున్నం నేనెందుకు ముట్టుకోవాలి? మాసయ్యనే వేసుకొమ్మను. నేను ఆ ఊరి పొలిమేర తొక్కను.

నీ మీద కోపం కాదు. ఒంట్లో ఎట్లా ఉందో రాయి. ఉప్పు గాలికి జుట్టు ఊడుతుందట, కొబ్బరినూనె రాసుకో.

మీ చిన్నమ్మ
పుష్పమ్మ

*

బందరు,
సమాధుల పండుగ మరునాడు

చిన్నమ్మకు,

మేము పెద్ద తప్పు పని చేశామట. ఇప్పుడు షెడ్డులో కూర్చుని పాత కట్టడాలను చూసుకునే సర్కారు ఆఫీసు నుంచి ఎవరో మేడమ్ వస్తుందని చూస్తున్నాం.

నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. ఆ రోజు నుంచి అన్నం సగం వదిలేస్తున్నాడు. పండుగ రోజు పొద్దున పనిలోకి పోతూ, "లింగాల్ల అందరు సున్నం కలుపుతుంటరు గీపాటికి" అన్నాడు. అంతే.

సాయంత్రం పని దిగి వస్తుంటే, రేణుకమ్మ గారి హోటలు ముందు సున్నం బక్కెట్టు కనిపించింది. గోడకు వేయగా మిగిలిందట. నాయన అడిగాడు, ఆమె ఇచ్చింది. ఎందుకని గోపి అడిగితే, "అమ్మకాడికి పోలేము. ఎవరి అమ్మకో ఒకామెకు ఏద్దం" అన్నాడు నాయన. నాకు ఏడుపొచ్చింది చిన్నమ్మా. అంత మంచి మాట మా నాయన నోట ఎప్పుడూ వినలేదు.

హరీష్ గేటు తీశాడు. కొవ్వొత్తులు వెలిగించుకుంటామేమో అనుకుని టీకి పోయాడు. గోడవారగా ఒక సమాధి ఉంది, అన్నిటికన్నా నల్లగా, చుట్టూ పల్లేరు. కలుపంతా పీకాం. పైన మట్టి ఊడ్చాం. నాయన చీపురుకట్టతో, నేను పాత గుడ్డతో, పలక మీద, అంచుల మీద, నాలుగు పక్కలా సున్నం పట్టించాం. గోపి నీళ్ళు అందించాడు. పొద్దు దిగే వేళకు ఆ నల్లటి దొడ్డిలో అది ఒక్కటే తెల్లగా మెరిసింది. కొవ్వొత్తి పెట్టాం. నాయన ప్రార్థన చేశాడు. ఆమె పేరు తెలియదు కాబట్టి "ఈ అమ్మ" అన్నాడు. నాకు మనసు ఎంత తేలికపడిందో.

హరీష్ వచ్చి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఓరి దేవుడో! ఏం చేశారండీ ఇదీ! గవర్నమెంటు కాపాడే సమాధులండీ ఇవి. మేకు కొడితేనే కేసు పెడతారు. నా ఉద్యోగం పోయిందండీ!" అని మెట్ల మీద కూలబడిపోయాడు.

నాయనకు అర్థం కాలేదు. "సమాధికి సున్నం ఏస్తే తప్పెట్లయితది సారూ? ఏయకుంటే గదా తప్పు?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. మల్లేశ్ ఒకటే తిట్లు. పోలీసుల దాకా పోతే ముగ్గురినీ పనిలోంచి తీసేస్తానన్నాడు.

జైలుకు భయపడటం లేదు నేను. అమ్మకు చేయాల్సింది చేయలేకపోయాం, ఇంకొకామెకు చేస్తే ఆమెకు కీడు చేశామంటున్నారు. అదే గుండెలో గుచ్చుకుంటోంది.

రెబెకా

*

ఆత్మకూరు,
కార్తీకం

ఓసి పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివాను. ఫోను చేయమంటే మీ చిన్నాయన చేశాడు. మీ గోపి ఏదో చెప్పాడట, ఈయన "అంత మంచిగనే ఉన్నరంట" అని పెట్టేశాడు. ఈ మనిషికి లోకం మునిగినా అంతా మంచిగానే ఉంటుంది. వెంటనే రాయి. పోలీసులు వచ్చారా? మీ నాయనకు బీపీ గోలీలు ఉన్నాయా?

ఊరుగాని ఊళ్ళో దొరసాని సమాధి మీద పడటం ఏమిటే మీకు? పరాయి వాళ్ళ చచ్చినవాళ్ళను ముట్టుకుంటారా ఎవరైనా? మీ నాయనకు బుద్ధి లేకపోతే నీకు లేదా? సున్నం వేయనన్నానని నా మీద కసితో వేశారా?

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను. ఒక మాట. పండుగ ఆ రోజని మా వీధి చర్చి మైకు చూసి తెలిసింది. నాకు వినపడదు, కానీ తెల్లబట్టలు కట్టుకుని జనం బక్కెట్లు పట్టుకుని పోతుంటే తెలియదా? ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎందుకని అడగకు.

పుష్పమ్మ

*

బందరు,
నవంబరు నెల

చిన్నమ్మకు,

గండం గడిచింది. కేసు లేదు, పని పోలేదు, హరీష్ ఉద్యోగం కూడా ఉంది. నాయన గోలీలు వేసుకుంటున్నాడు. ఇప్పుడు ఊపిరి తీసుకుని చదువు. ఇటువంటిది నేను జన్మలో చూడలేదు, ఇకముందు చూస్తానన్న ఆశా లేదు.

నీకు రాసిన రోజే శైలజ మేడమ్ వచ్చింది. నడి వయసు మనిషి, కాటన్ చీర, మొహం చిటపటలాడుతోంది. సమాధి చుట్టూ తిరిగింది. "ఎవరు చెప్పారు ఇది చేయమని?" అంది. నాయన చేతులు కట్టుకుని, "ఎవ్వరు చెప్పలే మేడం. నిన్న మా సమాధుల పండుగ. మా ఆడామె ఊర్ల ఉన్నది, పోనీకె కాలే. ఈమెకు ఎవ్వరు లేనట్టు కనవడితే ఏసినం" అన్నాడు. మేడమ్ సున్నాన్ని వేలితో గీకి చూసింది. తర్వాత, "పాత రాతికి ఏదీ పూయకూడదండీ. లోపల తడి బయటికి రాలేక రాయి పెచ్చులు ఊడిపోతుంది. ఇంకా గట్టిపడలేదు కాబట్టి సరిపోయింది. మీరే కడగాలి. నేను చెప్పినట్టే కడగాలి" అంది. గొంతులో కోపం అట్లాగే ఉంది గానీ, నాయనను 'అండీ' అంది.

ఉత్త నీళ్ళు, మెత్తటి బ్రష్షులు. గట్టిగా రుద్దకూడదు. పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు కడగాలంది. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చున్నాం. సున్నం పాలలాగా జారిపోతుంటే, దాంతోపాటు కింది నల్ల నాచు కూడా మెత్తబడి ఊడి వస్తోంది. ముందు ఒక గీత కనిపించింది. తాడు. దాని పక్కన ఇంకో తాడు. అప్పుడు తెరచాప, గాలికి ఉబ్బింది ఉబ్బినట్టే. చిన్నమ్మా, నా వేళ్ళ కింద ఓడ పుట్టింది! కొయ్యలు, జెండాలు, కింద అలలు, అలల్లో ఒక చేప. చేపకు కన్ను కూడా ఉంది. "నాయనా" అని అరిచాను. గోపి బ్రష్షు వదిలేసి లేచి నిలబడ్డాడు. మేడమ్ చెప్పులు విడిచి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఈ రాతి మీద ఓడ ఉన్నట్టు వాళ్ళ కాగితాల్లో ఎక్కడా లేదట. రేణుకమ్మ గారు, హరీష్, మేకల వాళ్ళు అందరూ చుట్టూ మూగారు. మాకు మొక్కాలనిపించింది, కానీ ఎవరికి మొక్కాలో తెలియలేదు.

ఓడ కింద అక్షరాలు వచ్చాయి. మేడమ్ ఫోనులో ఎవరినో అడుగుతూ కూడబలుక్కుని చదివి చెప్పింది. ఆడమనిషే చిన్నమ్మా! నాయన "ఈ అమ్మ" అన్నది నిజమే అయింది. వ్యాపారి భార్య. ఏ ఊళ్ళో పుట్టింది, తండ్రి ఎవరు, ఏ ఓడ ఎక్కి వచ్చింది, కాన్పులో పోయింది, అంతా ఉంది. ఇంత ఎందుకు చెక్కారని అడిగాను. "వెనకాల వచ్చి చూసేవాళ్ళు ఉండరని వాళ్ళకు తెలుసమ్మా. దారిన పోయేవాళ్ళయినా చదువుతారని రాయించి ఉంటారు" అంది మేడమ్.

పోతూ పోతూ, "మళ్ళీ ఎప్పుడూ ఇట్లాంటి పని చేయకండి" అని గట్టిగా చెప్పింది. గేటు దాకా పోయి వెనక్కి వచ్చి, ఓడను ఇంకోసారి చూసి పోయింది.

ఆ రోజు నుంచి నాకొకటే ఆలోచన. వాళ్ళది రాయి. ఒక్కసారి చెక్కిస్తే ఇంక ఎవరూ రానక్కర్లేదు. మనది సున్నం. ఒక్క వానాకాలానికే పోతుంది. అందుకే ప్రతి ఏడూ ఎవరో ఒకరు రావాలి. మనవాళ్ళు రాతికి గతిలేక సున్నం వేస్తున్నారని అనుకునేదాన్ని. ఇప్పుడట్లా అనిపించడం లేదు.

నాయనతో నీ పొట్లం సంగతి మాట్లాడాను. తల ఎత్తి, "పెట్టనీయ్ బిడ్డా. నీకు అమ్మ కాకముందే గామెకు అక్క" అన్నాడు. మాసయ్య తాతకు తనే ఫోను చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు గానీ చాలాసేపు మాట్లాడుకున్నారు. పండుగ అయిపోయింది, నిజమే. నీకు ఎప్పుడు వీలైతే అదే పండుగ. సున్నం వేస్తావో, పసుపు పెడతావో, ఊరికే కూర్చుని వస్తావో నీ ఇష్టం. ఇంక నేను అడగను.

రెబెకా

*

ఆత్మకూరు,
డిసెంబరు నెల

రెబెకాకు,

నీ ఓడ కథ నిజమో, నన్ను కదిలించడానికి అల్లావో నాకు తెలియదు. చేపకు కన్ను కూడా ఉందన్నావు చూడు, అక్కడ కొంచెం అనుమానం వచ్చింది. మీ చిన్నాయన మాత్రం నమ్మాడు. ఆయన దేన్నైనా నమ్ముతాడు.

పోయాను. చాలా?

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఊరికేనే కదా, పోతే పోయేదేముందని వనపర్తి బస్సెక్కాను. అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, అక్కడి నుంచి లింగాల. దారి పొడుగునా వెనక్కి తిరిగి వచ్చే బస్సులనే చూశాను. ఎదురుగా బస్సొచ్చిన ప్రతిసారీ దిగి అదెక్కుదామా అనిపించింది. పొట్లం కొంగుకు కట్టుకునే ఉన్నాను. ఎవరైనా వద్దంటే ఈసారి ఊరుకునేదాన్ని కాదు, తిట్లన్నీ బస్సులో వరస పెట్టుకున్నాను.

మాసయ్య సమాధుల దొడ్డి దగ్గర బక్కెట్టుతో నిలబడి ఉన్నాడు. ముసలోడైపోయాడు. నాకు వినపడదని ఎవరో చెప్పినట్టున్నారు, నోరు పెద్దగా తెరిచి ఒక్కో మాట చెప్పాడు. "చెల్లెమ్మా, గా దినం తప్పయింది. నేను గిటు తిరిగి నిలవడ్త. నీకు తోచినట్టు చేస్కో" అన్నాడు. అన్నట్టే అటు తిరిగి నిలబడ్డాడు. వరస పెట్టుకున్న తిట్లన్నీ దండగైపోయాయి.

అన్ని సమాధులూ తెల్లగా ఉన్నాయే రెబెకా. ఆ తెల్లటి దాంట్లో మట్టిరంగుగా ఒక్కటే. అదే అక్కది. ఇంటి ముందు అందరూ పెళ్ళి బట్టల్లో నిలబడితే మా అక్క ఒక్కతీ పని చీరతో నిలబడినట్టుంది. నేను రానన్నందుకే కదా! అక్కడే కూర్చుని ఏడ్చాను. మాసయ్య అటు తిరిగే ఉన్నాడు, మంచి పని చేశాడు.

లేచి సున్నం వేశాను. మీరు వలందులామెకు ఎట్లా వేశారో గానీ, నేను మా అక్కకు నెత్తి నుంచి కాళ్ళ దాకా స్నానం చేయించినట్టు వేశాను. సిలువకు కూడా వేశాను. అది ఆరకముందే పొట్లం విప్పాను. కుంకుమ పొట్లం వేరేగా ఉంది, అది తర్వాత విప్పుదామని ముందు పసుపు తడిపి సిలువ నడుమ నొక్కి పెట్టాను. పెట్టిన వేలు తీశాను. పసుపు ఎర్రబడుతోంది! పచ్చి సున్నానికి పసుపు తగిలితే ఎర్రబడుతుందని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ ఆ ఎర్రనీళ్ళతోనే దిష్టి తీస్తున్నాను. అయినా ఆ నిమిషాన నాకు ఏమీ తెలియలేదు. నా కళ్ళ ముందే, ఎవరూ పెట్టకుండా, మా అక్క నుదుట బొట్టు దానంతటదే వచ్చింది. కుంకుమ పొట్లం విప్పనేలేదు. చేతులెత్తి మొక్కాను. మీ దేవుడికో మా దేవతకో నాకు తెలియదు, మొక్కాను.

మాసయ్యను భుజం తట్టి పిలిచాను. చూశాడు. కళ్ళు తుడుచుకుని, ఒక నల్లరంగు డబ్బా, కుంచె నా చేతికిచ్చాడు. మిగతా సమాధుల మీద పేర్లు కొత్తగా రాసి ఉన్నాయి, అక్కది మాత్రమే లేదు. రాయమన్నాడు. కుంచె ముంచి కూర్చున్నాను గానీ చెయ్యి కదల్లేదు. మీ సంఘంలో పెట్టిన పేరుతో నేనెన్నడూ పిలవలేదు. మా అమ్మ పెట్టిన పేరుతో పిలిచే వయసు నాకు ఎప్పుడూ రాలేదు, ఆమె నాకన్నా పెద్దది. సున్నం ఆరేదాకా ఆలోచించి, పెద్ద అక్షరాలతో 'అక్క' అని రాశాను.

మాసయ్య చదివి, "పేరు రాయమంటె గిదేందమ్మా" అన్నాడు. "నాకు తెలిసిన పేరు గదే" అన్నాను.

కాబట్టి ఈ ఏడాదికి అది మా అక్కే. వానలకు పోతుంది కదా, వచ్చే ఏడు నువ్వొచ్చి 'అమ్మ' అని రాసుకో.

మీ చిన్నమ్మ
పుష్పమ్మ